పలక... గోడెక్కింది!

అ ఆలు దిద్దించిన మార్కాపురం పలక ఇప్పుడు పెద్ద పెద్ద ఆఫీసుల ముంగిట గోడై నిలబడుతోంది. కొండనీ వాననీ అద్దాల మేడలోకి తెస్తామనే డిజైనర్లకు అదంటే మహా మోజు. ఆ గోడ వెనక పశ్చిమ ప్రకాశం పల్లెల కథ ఒకటుంది. అందులో సగం చెమట, సగం దుమ్ము!

అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. బయటి ఎండ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. లోపల చల్లగా, కాస్త మసకగా... రిసెప్షన్ బల్ల వెనక నేల నుంచి పైకప్పు దాకా నల్లటి రాతి గోడ. నున్నగా ఉండదది. పొరలు పొరలుగా, గరుగ్గా, కొండ చరియని నిలువునా చీల్చి తెచ్చి పెట్టినట్టు ఉంటుంది. దానిమీద పైనుంచి సన్నటి నీటిపొర జారుతుంటుంది. కింద గులకరాళ్లు, పక్కన కుండీల్లో నాలుగు అరెకా పామ్ మొక్కలు. ఇంటర్వ్యూకి వచ్చిన కుర్రాడు ఫైలు ఒళ్లో పెట్టుకుని ఆ నీళ్లకేసే చూస్తూ కూర్చుంటాడు. కొరియర్ ఇవ్వడానికి వచ్చినతను వెళ్తూ వెళ్తూ గోడని ఓసారి తడిమి చూస్తాడు.

హైదరాబాద్, బెంగళూరు, చెన్నై... ఏ ఊళ్లో కాస్త పెద్ద ఆఫీసు భవనంలోకి అడుగుపెట్టినా ఇలాంటి ముంగిలి కనిపించడం మామూలైపోయింది. ఆ గోడని తడిమినవాళ్లలో చాలామంది చిన్నప్పుడు ఆ రాయినే ఒళ్లో పెట్టుకుని అక్షరాలు దిద్ది ఉంటారు. ఉమ్మితో తుడిచి అయ్యవారి చేత మొట్టికాయలూ తిని ఉంటారు. చెక్క చట్రంలో బిగించిన ఆ నల్ల పలకే చట్రం వదిలేసి గోడెక్కింది. అలాంటి గోడలన్నిటిలోనూ ఉన్నది మార్కాపురం రాయేనని కాదుగానీ, మన దేశంలో పలక రాయి అనగానే వినిపించే మొదటి పేర్లలో అదొకటి.

కొండని లోపలికి తెస్తే...

ఆఫీసులో కొండలూ జలపాతాలూ ఎందుకట? మనిషి మనసు పచ్చదనాన్నీ నీటినీ రాతినీ చూస్తే కుదుటపడుతుందన్నది డిజైనర్ల మాట. దానికో పేరుంది... బయోఫిలియా. జీవం ఉన్నవాటిమీద మనిషికి పుట్టుకతో వచ్చే మమకారం అని అర్థం. అమెరికా జీవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ 1984లో ఆ పేరుతోనే ఓ పుస్తకం రాశాడు. సరిగ్గా అదే ఏడాది రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో ఓ చిన్న వ్యాసం ప్రచురించాడు. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఓ ఆసుపత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్న 46 మంది రికార్డుల్ని ఆయన తిరగేశాడు. వాళ్లలో సగం మందికి గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి. మిగతా సగం మందికి కనిపించేది ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు సగటున 7.96 రోజుల్లో ఇంటికెళ్లిపోతే, గోడని చూస్తూ పడుకున్నవాళ్లకు 8.70 రోజులు పట్టింది. వాళ్లకి గట్టి నొప్పి మందులూ ఎక్కువే కావాల్సొచ్చాయి.

46 మంది లెక్క చూసి లోకమంతా ఇంతే అనేయలేం. అయినా ఆర్కిటెక్టులు ఆ వ్యాసాన్ని వదల్లేదు. న్యూయార్క్‌లో ఫోర్డ్ ఫౌండేషన్ భవనం 1967 నాటికే నడిమధ్య పెద్ద తోట పెట్టుకుంది. సియాటెల్‌లో అమెజాన్ సంస్థ 2018లో మూడు గాజు గోళాలు కట్టి 40 వేలకు పైగా మొక్కలు నింపింది. సింగపూర్ చాంగీ విమానాశ్రయంలో 2019 నుంచి 40 మీటర్ల ఎత్తున జలపాతం దూకుతోంది... కప్పు కింద!

ఇవన్నీ చూస్తే మన తాతమ్మలకు నవ్వొస్తుందేమో. మండువా లోగిలి మధ్యలో వాన పడుతుంటే చుట్టూ వసారాలో కూర్చుని పప్పు బాగుచేసుకున్నవాళ్లు వాళ్లు. వీధి అరుగు, దాటితే పంచ, ఆ తర్వాత మండువా... వచ్చినవాళ్లని ఎండలోంచి నీడలోకి మెల్లగా తీసుకొచ్చే ఆ వరస ఏ ఇంటీరియర్ పుస్తకంలోదీ కాదు. హైదరాబాద్‌లో హైటెక్ సిటీ దగ్గర సీఐఐ-సోరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని చూస్తే ఆ మండువానే గుర్తొస్తుంది. గుండ్రటి భవనం, నడుమ ఖాళీ ముంగిలి, గాలి ఆడే జాలీ గోడలు, కప్పు మీద తోట. కరణ్ గ్రోవర్ డిజైన్ చేసిన ఆ కార్యాలయాన్ని 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. పర్యావరణానికి మేలు చేసే భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు అమెరికా బయట మొదట దక్కింది దానికే.

ఇక్కడో మాట. మొక్కలు పెడితే ఆఫీసు గాలంతా శుభ్రపడిపోతుందని నర్సరీవాళ్లు చెబుతుంటారు. దానికి మూలం 1989 నాటి నాసా అధ్యయనం. మూసేసిన చిన్న పెట్టెల్లో మొక్కలు పెట్టి చూసిన ఫలితం అది. పెట్టె వేరు, జనం వచ్చిపోయే హాలు వేరు కదా! పాత ప్రయోగాలన్నిటినీ మళ్లీ లెక్కగట్టి 2019లో వచ్చిన ఓ సమీక్ష ప్రకారం... కిటికీలోంచి మామూలుగా వచ్చే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి తక్కువలో తక్కువ పది మొక్కలు కావాలి. పదేమిటి, వెయ్యి కూడా కావాల్సి రావచ్చట. అప్పుడిక మనుషులు నిలబడటానికి చోటెక్కడ? కుండీలు కంటికి చలువ. అంతవరకూ నిజం, అది తక్కువేమీ కాదు.

పైగా ఎండ తగలని లాబీలో మొక్కల్ని బతికించడం పెద్ద తలనొప్పి. మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ లాంటి మొండివి తప్ప తక్కినవాటిని తరచూ బయటికి మార్చాల్సిందే. రాయికి ఆ బాధ లేదు. నీళ్లు పోయకపోయినా, ఎండ తగలకపోయినా అది కొండలాగే ఉంటుంది. డిజైనర్ల చూపు పలక రాయి మీద పడటానికి అదో కారణం.

నల్లమల పుటలు

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలెక్కితే దొనకొండ దాటాక మార్కాపురం రోడ్ వస్తుంది. ఆ తర్వాత తర్లుపాడు, కంభం, గిద్దలూరు. గిద్దలూరు దాటితే రైలు నల్లమల అడవిలోకి దూరుతుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరొచ్చింది. వానలు అంతంతమాత్రం, బోరు వేస్తే చాలాచోట్ల ఫ్లోరైడ్ నీళ్లు. విజయనగర రాజుల నాటి కంభం చెరువు నిండిన ఏడాది ఆ చుట్టుపక్కల వరి కనిపిస్తుంది, నిండకపోతే లేదు. సేద్యం చేతికందని ఊళ్లకి నేల పైన దొరకనిది నేల కింద దొరికింది... పలక రాయి.

ఆ రాయి పుట్టుక వింటే లాబీ గోడని మరోసారి తడిమి చూడాలనిపిస్తుంది. వంద కోట్ల ఏళ్లకు పైబడిన కాలంలో ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున సన్నటి బురద పేరుకుంది. మీద మీద పొరలు పడి, బరువుకి గట్టిపడి మెత్తటి రాయయింది. ఆ తర్వాత నేల రెండు పక్కల నుంచీ నొక్కుకుని నల్లమల కొండల్లా ముడతలు పడింది. ఆ ఒత్తిడికీ వేడికీ రాతిలోని బంకమన్ను మారిపోయి, అభ్రకం లాంటి సన్నటి రేకులు పుట్టాయి. ఒత్తిడి వచ్చిన దిక్కుకి అడ్డంగా ఆ రేకులన్నీ ఒకే వరసలో సర్దుకున్నాయి. అందుకే పలక రాయి ఆ వరస వెంట పుస్తకంలో పుటల్లా విడిపోతుంది. రాయిలో బొగ్గు పదార్థం ఉంటే నలుపు, క్లోరైట్ ఉంటే ఆకుపచ్చ, ఇనుము తుప్పుపట్టిన చోట ఎరుపూ గోధుమా వస్తాయి. ఎవరూ రంగు వేయరు.

భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాళ్లకి పెట్టిన పేరూ ఇక్కడి ఊరిదే. విలియం కింగ్ అనే ఆంగ్లేయుడు కడప, కర్నూలు రాతి పొరలన్నిటినీ తిరిగి చూసి 1872లో పెద్ద గ్రంథం రాశాడు. ఆ పొరల వర్గీకరణలో 'నల్లమలై' వర్గం ఒకటి, అందులో ఈ పలక రాళ్లు 'కంభం' పేరుతో ఉంటాయి. కాబట్టి నగరంలో డిజైనరు 'కొండని లోపలికి తెచ్చా'నంటే, ఆ రాయి మార్కాపురానిదైతే, అది ఉత్త మాట కాదు. నల్లమల ముక్కని తెచ్చినట్టే.

ఉలి ఎక్కడ పెట్టాలంటే...

మార్కాపురం చుట్టుపక్కల, తర్లుపాడు వైపు పొలాల మధ్యలో పెద్ద పెద్ద గుంటలు కనిపిస్తాయి. వాటి పక్కనే గుట్టలు. అవి కొండలు కావు, పనికిరాని రాయి పోసి పోసి పెరిగిన కుప్పలు. పైమట్టి తీసి, పగిలిన రాయి తీసి, లోపల దిట్టంగా ఉన్న పొర దాకా వెళ్తేగానీ పనికొచ్చే రాయి దొరకదు. దొరికినదాంట్లోనూ పగుళ్లు, వంకరలు పోగా మిగిలేది కొంతే.

గుంటలోంచి పైకొచ్చిన దిమ్మని పలకలుగా విడదీయడమే అసలు విద్య. రాయిని పక్కకి నిలబెట్టి, అంచున పొర ఎటు పోతోందో చూసి, వెడల్పాటి ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తడతారు. ఒకచోట గట్టిగా కొడితే రాయి అడ్డంగా విరిగిపోతుంది. అంచు పొడవునా జరుపుకుంటూ చిన్న చిన్న దెబ్బలు వేయాలి. కాసేపటికి సన్నటి గీతలా చీలిక కనిపిస్తుంది. అందులోకి ఉలి దింపితే దిమ్మ రెండవుతుంది. రెండుని నాలుగు, నాలుగుని ఎనిమిది... కావాల్సిన మందం వచ్చేదాకా అంతే. యంత్రం రాయిని చదరంగా కోసిపెట్టగలదు. పొర ఎక్కడ విడిపోతుందో కనిపెట్టాల్సింది మాత్రం కన్నూ, చెయ్యీ, చెవీ. లోపల పగులున్న రాయి దెబ్బకి బోలుగా పలుకుతుంది, మంచి రాయి ఖంగుమంటుంది.

లాబీ గోడ మీద ఎత్తుపల్లాలు కనిపిస్తాయే... అవి చీలికలో సహజంగా వచ్చినవి. పాలిష్ పెడితే పోతాయి. అందుకే డిజైనర్లు ఈ రాయికి పాలిష్ వద్దంటారు. గ్రానైట్‌ని అద్దంలా మెరిపించడానికి అంత ఖర్చు పెట్టిన మనమే, మెరవని రాయి కోసం ఇంత ఖర్చు పెడుతున్నామన్నమాట!

పలక పట్టని చేతులు

మార్కాపురానికి ఈ పేరు తెచ్చింది గోడలు కాదు, బడి పలకలు. ఇక్కడ చెక్క చట్రాలు బిగించిన పలకలు దేశమంతటా బడులకు వెళ్లాయి. పలకను నునుపు చేసి, అంచులు కోసి, చట్రంలో బిగించి కట్టలు కట్టే పనిలో కుటుంబాలకు కుటుంబాలే ఉండేవి. పిల్లలతో సహా.

చెప్పుకోవడానికి కష్టంగా ఉండే సంగతి ఇదే. దేశంలో పిల్లలందరికీ పలకలు పంపిన ఊళ్లోనే కొందరు పిల్లలు బడి మానేసి ఆ పలకలు చేశారు. 1987లో కేంద్రం బాల కార్మికులపై జాతీయ విధానం ప్రకటించి, దాని కింద మరుసటి ఏడాది నుంచి ప్రత్యేక ప్రాజెక్టులు మొదలుపెట్టింది. మొట్టమొదట ఎంచుకున్న కొద్ది ప్రాంతాల్లో శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులు, మీర్జాపూర్-భదోహి తివాచీలు, మన జగ్గంపేట పెంకులు, మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ పలకలతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. పని మాన్పించిన పిల్లల్ని ప్రత్యేక బడుల్లో చేర్చి, చదువు చెప్పి, భోజనం పెట్టి, తర్వాత మామూలు బడికి పంపడం దాని ఉద్దేశం. 2021లో ఆ పథకాన్ని సమగ్ర శిక్షలో కలిపేశారు.

ఈలోగా పలకే బడి మానేసింది. మొదట రేకు పలకలు, అట్ట పలకలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. కిందపడినా పగలవు, బరువుండవు. ఆపైన ఎల్‌కేజీ నుంచే నోటు పుస్తకాలు. ఇప్పుడు చాలా ఇళ్లలో రాతి పలక కనిపించేది అక్షరాభ్యాసం రోజునే. బడిని నమ్ముకుంటే కుదరదని పరిశ్రమకు అర్థమైంది. గోడలకూ నేలకూ తోట బాటలకూ పనికొచ్చే రాయిగా దాన్ని కోసి అమ్మడం మొదలైంది. ఇక్కడ వాటిని డిజైన్ పలకలు అంటారు. అవి విదేశాలకూ ఎగుమతయ్యాయి. ఒకప్పుడు కుప్పల్లో పారబోసిన సన్నటి ముక్కలకు కూడా విలువొచ్చింది. వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి ఒకదానిమీదొకటి పేర్చి అతికిస్తే, ఇంటి ముందు గోడలకి వేసే ఎలివేషన్ పలకలు అవే. మీ వీధిలోనూ ఒకటో రెండో ఉంటాయి, చూడండి.

గోడ కట్టడమూ విద్యే

అమ్మేవాడి దగ్గర బాగున్న రాయి గోడ మీద బాగుంటుందన్న నమ్మకం లేదు. లాబీ గోడల్లో జరిగే పొరపాట్లు ఇంట్లోనూ జరుగుతాయి కాబట్టి తెలుసుకుంటే మంచిది.

ముందు బరువు. సెంటీమీటరు మందం ఉన్న పలక రాయి చదరపు మీటరుకి దాదాపు 27 కిలోలు తూగుతుంది. ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల ఎత్తు గోడకి ఆరున్నర క్వింటాళ్లు! కింద మూడు నాలుగు అడుగులైతే అంటించే జిగురుతో సరిపోతుందేమోగానీ, తలమీదికి పోయే గోడని జిగురు మీదే వదిలేయకూడదు. వెనక స్టీలు క్లాంపులు బిగించి పట్టాలి. కింద కూర్చునేది మనుషులు మరి.

తర్వాత వెలుతురు. ఎదురుగా లైటు వేస్తే రాయి చదునుగా, నిర్జీవంగా కనిపిస్తుంది. పైకప్పు అంచు నుంచి గోడని రాసుకుంటూ కిందికి దిగేలా వెలుతురు వేస్తే ప్రతి పొరకీ నీడ పడుతుంది. కొండ మీద పొద్దువాలే వేళ కనిపించే అందం అదే. రాతి గోడ, గాజు తలుపులు, రాతి నేల... మూడూ కలిస్తే మాత్రం చెప్పుల చప్పుడు కూడా గింగురుమంటుంది. కాస్త చెక్క, గుడ్డ సోఫాలు, మొక్కలు వేస్తేగానీ ఆ రొద తగ్గదు. మొక్కల అసలు ఉపయోగాల్లో ఇదొకటని నర్సరీవాళ్లు చెప్పరెందుకో!

ఇక నీళ్లు. గరుకు రాతి మీద నీళ్లు అంటిపెట్టుకుని, చిన్న చిన్న పాయలై జారతాయి. నున్నటి గ్రానైట్ మీద ఆ సొగసు రాదు. కానీ బోరు నీళ్లు పోస్తే ఆరు నెలలు తిరక్కుండానే నల్లటి గోడ మీద తెల్లటి చారలు పడతాయి. నీటిలోని సున్నం అది. మెత్తటి నీరే వాడాలి. కొన్ని రాళ్లలో సన్నటి పైరైట్ గింజలుంటాయి, బంగారు రవ్వల్లా మెరుస్తాయి. ముచ్చటపడి కొంటే తడికి అవి తుప్పుపట్టి గోధుమ రంగు కారుతుంది. కొందరికి అదీ నచ్చుతుంది, తెలియక కొన్నవాళ్లు మాత్రం తలపట్టుకుంటారు.

అన్నట్టు, చూడ్డానికి అచ్చం పలక రాయిలా ఉండే టైల్స్ చాలా వచ్చాయి. గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ పరిశ్రమకు పెట్టింది పేరు. రాయిని ఫొటో తీసి టైల్ మీద అచ్చువేసే సాంకేతికత ఇప్పుడు మామూలైపోయింది. బరువు తక్కువ, ధర తక్కువ, ప్రతి పెట్టెలోనూ ఒకే రంగు. కనిపెట్టడం ఎలాగంటే... కాస్త వెనక్కి నిలబడి గోడంతా చూడండి. ఒకే మచ్చ, ఒకే గీత నాలుగైదు చోట్ల మళ్లీ కనిపిస్తే అది అచ్చే. పలక రాయి పొరనే కాగితంలా ఒలిచి, ఫైబర్ గ్లాసు అద్ది, స్తంభాల చుట్టూ చుట్టే రకమూ వచ్చింది. అది అసలు రాయే, మందం మాత్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు. లిఫ్టు గోడలకు బాగా పనికొస్తుంది.

దుమ్ము లెక్క

పలక రాయిలో సిలికా ఉంటుంది. ఉలితో చీల్చినప్పుడు లేచే దుమ్ము కొంతే. యంత్రపు రంపంతో పొడిగా కోసినప్పుడు, అరగదీసినప్పుడు లేచేది ఎక్కువ. అందులో కంటికి కనిపించేది ముక్కులోనే ఆగిపోతుంది. కనిపించనంత సన్నటిదే ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కడ మచ్చలు కడుతుంది. అదే సిలికోసిస్. దానికి నయమయ్యే మందు లేదు. క్షయ సోకే ముప్పూ పెరుగుతుంది. మూతికి కట్టుకునే తువ్వాలు ఆ దుమ్మునేమీ ఆపలేదు.

ఇది ఊహ కాదు. మంద్‌సౌర్‌లో పలక రాతిని రంపంతో కోసి బలపాలు చేసే 593 మంది కార్మికుల్ని అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు పరీక్షించారు. 54.6 శాతం మందిలో సిలికోసిస్ కనిపించింది. 1985లో ప్రచురించిన అధ్యయనం అది. సగానికి పైగా! పిల్లలు ముచ్చటగా కొరికి తినే బలపం వెనక సంగతి.

వేల్స్ దేశం కథ ఇంకాస్త పాతది. ఒకప్పుడు ఐరోపాలో ఇళ్లకప్పులన్నీ నింపిన పలక రాయి అక్కడిది. ఆ క్వారీలు, గుట్టలు, రైలు మార్గాలు 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. టూరిస్టులు టిక్కెట్టు కొని మరీ చూస్తున్నారు. ఆ క్వారీల్లో దుమ్ము పీల్చి రోగాలపాలైనవాళ్లకి నష్టపరిహారం ఇప్పించే చట్టం బ్రిటన్‌లో వచ్చింది మాత్రం 1979లో. అప్పటికి ఎన్ని క్వారీలు మూతపడ్డాయో, ఎంతమంది పోయారో!

మన దగ్గర చట్టం ప్రకారం సిలికోసిస్ తెలియపరచాల్సిన వ్యాధి. అంటే రోగిని చూసిన డాక్టరు ఆ సంగతి ప్రభుత్వానికి రాయాలి. రాతి పని ఎక్కువగా ఉన్న రాజస్థాన్ 2019లో ఇలాంటి ఊపిరితిత్తుల జబ్బుల కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది, పరిహారంతో సహా. ఆస్ట్రేలియా మరో అడుగు ముందుకేసింది. వంటింటి గట్లకి వాడే కృత్రిమ క్వార్ట్జ్ రాయిని కోసేవాళ్లు యువకులుగా ఉండగానే ఈ జబ్బు బారిన పడుతున్నారని, 2024 జులై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. సహజమైన రాళ్లని నిషేధించలేదు, దుమ్ము లేవకుండా కోయాలని మాత్రం కట్టడి చేసింది.

అలా కోయడం బ్రహ్మవిద్యేం కాదు. రంపం పళ్ల మీద నీళ్ల ధార పడుతుంటే దుమ్ము గాల్లోకి లేవకుండా బురదై కిందికి జారుతుంది. కోసే చోట దుమ్ము లాగే గొట్టం పెట్టాలి, సరైన మాస్కు ఇవ్వాలి. ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. నీళ్లు కరవైన చోట నీటి ధార మాటలు చెప్పడం తేలికే అనిపించొచ్చు. ఆ బురద నీటిని తొట్టిలో తేర్చి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. నగరంలోని లాబీ గోడ మీద పగలూ రాత్రీ తిరిగేదీ ఒకే నీరే కదా... పంపు ఒకటి, తొట్టి ఒకటి.

ఖర్చవుతుంది, నిజమే. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే పేచీ. ఎగుమతిదారు కొనేవాడి మీద చెబుతాడు, కొనేవాడు అచ్చు టైల్ ధర చూపిస్తాడు. చిన్న యూనిట్లవాళ్లు మధ్యలో నలుగుతారు. లక్షలు పోసి లాబీ కట్టించే సంస్థ తన ఆర్డరులో రంగు, మందం, కొలత రాస్తుంది. తడిగా కోసిన రాయే కావాలని ఇంకో వరస రాయిస్తే, దాని ధర చదరపు అడుగుకి ఎంత పెరుగుతుందో తేలిపోతుంది. రిసెప్షన్ బల్ల ధర ముందు అదెంత!

ఇంట్లో వేసుకోవాలంటే

హాల్లో టీవీ వెనకో, గుమ్మం పక్కనో చిన్న గోడ కట్టించుకోవాలని ఉంటే ఇంతా చదివి భయపడక్కర్లేదు. గోడ మీదున్న రాయి దుమ్ము రేపదు, ముప్పంతా కోసేటప్పుడే. కాబట్టి మేస్త్రీ మీ వరండాలో కటింగ్ మిషన్ పెడితే బకెట్ నీళ్లు దగ్గరుంచి, రాయి తడుపుతూ కోయమనండి. పిల్లల్ని ఆ పక్కకి రానివ్వకండి. కొనేముందు ఓ ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి. నురగ వచ్చిందంటే అందులో సున్నం ఉన్నట్టే. అది పలక రాయి కాకుండా నాపరాయి కావచ్చు. స్నానాల గది నేలకైతే చీలిక గరుకు అలాగే ఉన్న రాయి తీసుకుంటే కాలు జారదు. శుభ్రం చేయడానికి ఉత్త నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. యాసిడ్ పోయొద్దు.

లెక్కకి సరిపడా కాకుండా పది పన్నెండు ముక్కలు ఎక్కువే తెచ్చి అటక మీద పడేయండి. రెండేళ్ల తర్వాత ఒకటి పగిలి, అలాంటిదే కావాలని కొట్టుకి వెళ్తే దొరకదు. గుంట అప్పటికి మరో పొరలోకి దిగి ఉంటుంది, దాని రంగు వేరు.